జ్వరము చూసే చేతి పరికరము – దాని మాట ఎంతవరకు నమ్మాలి?



ఈ నెల మనము ఒక చిన్న పరికరమును గూర్చి ఆలోచిద్దాము. అది మీ ఇంట్లో కూడా ఉండవచ్చును. తెల్లగా, పిస్తోలు ఆకారంలో, గుప్పిట్లో పట్టేంత ఉంటుంది. నుదుటికి ఎదురుగా పట్టి మీట నొక్కితే ఒకటి రెండు సెకన్లలో అంకె కనిపిస్తుంది. దుకాణంలో దానిని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు అంటారు. మన ఇళ్లలో "జ్వరం చూసే గన్ను" అంటే చాలు, అందరికీ తెలుస్తుంది.

2020కి ముందు మనలో చాలామంది దీనిని చూసి ఉండరు. 2003లో సార్స్ వ్యాధి వచ్చినప్పుడు విదేశీ విమానాశ్రయాలలో ప్రయాణికుల ఒంటి వేడిని దూరం నుండి కొలిచారని వార్తలలో చదివాము, అంతే. తరువాత కరోనా వచ్చింది. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. జూన్ 8 నుండి ప్రార్థనా స్థలాలు, హోటళ్లు, మాల్స్ మరల తెరుచుకోవచ్చునని కేంద్ర ప్రభుత్వము చెప్పినప్పుడు, గుమ్మం దగ్గర ఒంటి వేడి చూసి లోపలికి పంపాలన్న నియమము కూడా పెట్టింది. అప్పటి నుండి మన సంఘాల గుమ్మాలలో, బడులలో, బ్యాంకులలో ఈ గన్ను పట్టుకుని ఒకరు నిలబడటము మనము చూశాము. ఆ దినములు గడిచిపోయాయి. గన్నులు మాత్రము ఇళ్లలోకి వచ్చి, బీరువాలలోనూ ఫ్రిజ్‌ల మీదా కూర్చున్నాయి. పిల్లలకు ఒళ్లు వెచ్చబడితే మనము మొదట వెతికేది వాటినే.

ఇప్పుడు ఒక ఇంటిని మీ కన్నుల ఎదుట ఉంచుకోండి. వానాకాలపు రాత్రి. మూడేళ్ల పాప మూలుగుతూ పడుకుని ఉంది. తల్లి గన్ను తీసి నుదుటికి పట్టింది. 98.2 అని వచ్చింది. "హమ్మయ్య, జ్వరం లేదు" అనుకుంది. ఇంతలో పెద్దావిడ వచ్చి పాప పొట్ట మీద చెయ్యి వేసింది.

"అమ్మాయీ, పాప ఒళ్లు కాలిపోతోంది, చూడు."

"లేదత్తయ్యా, 98 ఉంది. ఇప్పుడేగా చూశాను."

"అంకె సంగతి నాకు తెలియదు. నువ్వోసారి పొట్ట ముట్టుకుని చూడు."

కోడలు చెయ్యి వేసింది. నిజమే, కాలుతోంది. పాత డిజిటల్ థర్మామీటరు వెతికి చంకలో పెడితే 102.4 వచ్చింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ప్రియ పాఠకులారా, ఇక్కడ తప్పు ఎవరిది? తల్లిది కాదు, ఆమె శ్రద్ధగానే చూసింది. గన్ను చెడిపోయిందా? అదీ కాదు. పది నిమిషాల క్రితము పాప నుదుటి మీద తడిగుడ్డ వేసి తీశారు. పైన ఫ్యాను తిరుగుతోంది. నుదుటి చర్మము చల్లబడింది. గన్ను ఆ చర్మమును చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అడిగిన ప్రశ్న వేరు, దానికి తెలిసిన జవాబు వేరు. ఈ ఒక్క సంగతి మీ మనస్సులో నిలిస్తే ఈ పుట చదివిన ప్రయోజనము నెరవేరినట్లే: ఈ పరికరము చర్మపు వేడిని చూస్తుంది, ఒంటి లోపలి వేడిని లెక్క కట్టి చెబుతుంది.

మొదటిగా, ఇది ఎలా పని చేస్తుందో తెలుసుకుందాము.

1800 సంవత్సరములో ఇంగ్లాండులో విలియమ్ హెర్షెల్ అను శాస్త్రజ్ఞుడు ఒక ప్రయోగము చేశాడు. ఈయన జర్మనీలో పుట్టినవాడు. బాత్ నగరములో ఆక్టాగన్ చాపెల్ అనే ప్రార్థనా మందిరములో ఆర్గన్ వాయించినవాడు. 1781లో యురేనస్ గ్రహమును కనుగొన్నవాడు కూడా ఈయనే. సూర్యకాంతిని గాజు పట్టకము గుండా పంపితే ఇంద్రధనుస్సు రంగులు విడిపోతాయి గదా. ఏ రంగులో ఎంత వేడి ఉందో చూడాలని ఆయన ఒక్కొక్క రంగులో థర్మామీటరు ఉంచాడు. ఊదా నుండి ఎరుపు వైపు వచ్చేకొలది వేడి పెరిగింది. అప్పుడు ఎరుపును దాటి, కంటికి ఏ రంగూ కనిపించని చోట థర్మామీటరు పెట్టాడు. అక్కడ వేడి ఇంకా ఎక్కువగా ఉంది! కంటికి కనబడని ఆ కిరణాలనే మనము నేడు ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు, తెలుగులో పరారుణ కిరణాలు అంటున్నాము.

వేడి ఉన్న ప్రతి వస్తువూ ఈ కిరణాలను వెదజల్లుతుంది. పొయ్యి మీద నుండి దింపిన పెనము ఎర్రగా లేకపోయినా, దగ్గరకు చెయ్యి పెడితే సెగ తగులుతుంది గదా. మన ఒళ్లు కూడా అలాగే రాత్రింబగళ్లు సెగను వెదజల్లుతూనే ఉంటుంది. వేడి కొంచెము పెరిగితే సెగ అంతకంటె ఎక్కువగా పెరుగుతుంది. ఆ లెక్కను 1879లో స్టెఫాన్ అనే శాస్త్రజ్ఞుడు చెప్పాడు.

గన్ను ముందు భాగములో ఒక చిన్న కిటికీ ఉంటుంది. నుదుటి నుండి వచ్చే సెగ దాని గుండా లోపలికి పోయి, థర్మోపైల్ అనే అతి చిన్న భాగము మీద పడుతుంది. రెండు వేరు వేరు లోహాలను కలిపి, ఒక కొసను వేడి చేస్తే విద్యుత్తు పుడుతుందని 1821లో సీబెక్ కనుగొన్నాడు. అలాంటి జతలు ఎన్నో వరుసగా పేర్చినదే థర్మోపైల్. సెగ ఎక్కువైతే విద్యుత్తు ఎక్కువ. లోపలి చిప్ ఆ విద్యుత్తును డిగ్రీలుగా మార్చి అంకె చూపిస్తుంది.

ఇక్కడ రెండు సంగతులు గమనించండి. ఒకటి, థర్మోపైల్ తనకూ నుదుటికీ మధ్య ఉన్న తేడాను మాత్రమే కొలుస్తుంది. తాను ఎంత వేడిగా ఉందో చెప్పడానికి పక్కనే మరొక చిన్న సెన్సర్ ఉంటుంది. ఆ రెండూ కలిపితేనే లెక్క తేలుతుంది. కనుక గన్నే ఎండలో కాగి ఉన్నా, ఏసీలో చల్లబడి ఉన్నా లెక్క తప్పుతుంది. రెండవది, నుదుటి చర్మము ఎప్పుడూ ఒంటి లోపలి కంటె చల్లగానే ఉంటుంది. లోపల 37 డిగ్రీల సెల్సియస్ ఉన్నా, నుదుటి చర్మము 33 నుండి 35 దగ్గర ఉండవచ్చును. ఆ తేడాను గన్ను ఒక లెక్క ప్రకారము కలిపి చూపిస్తుంది. ఆ లెక్క సాధారణ గదిలో, పొడిగా ఉన్న నుదుటికి సరిపోతుంది. తడిగుడ్డ వేసిన నుదుటికి సరిపోదు.

కొందరికి ఇంకా ఒక భయము ఉంది. 2020లో ఒక వదంతి పుట్టింది. ఈ గన్ను నుండి వచ్చే కిరణాలు మెదడుకు హాని చేస్తాయని ఫోన్లలో సందేశాలు తిరిగాయి. భయపడి చాలామంది నుదురు తిప్పుకుని చెయ్యి చాపారు. ప్రియులారా, మీరే ఆలోచించండి. ఈ పరికరము ఒంటి నుండి వచ్చే సెగను అందుకుంటుంది. అది మన తలలోనికి వేడి కిరణాలు పంపదు. పసిబిడ్డ నుదుటికి పట్టినా హాని లేదు. అయితే కార్ఖానాలలో మోటార్లకు, బాయిలర్లకు వాడే మరో రకము గన్ను ఉంది. గురి చూపడానికి దానిలో ఎర్రని లేజర్ చుక్క ఉంటుంది. దానిని ఎవరి కంటిలోనూ పడనివ్వకూడదు. ఆ గన్నును జ్వరము చూడటానికి వాడనే కూడదు. దానిలో రెండు డిగ్రీల తేడా రావడము మామూలే. మోటారుకు రెండు డిగ్రీలు లెక్కలోనివి కావు. బిడ్డకు రెండు డిగ్రీలంటే జ్వరము ఉండటానికీ లేకపోవడానికీ ఉన్న తేడా.

రెండవదిగా, సరిగా చూసే విధానము తెలుసుకుందాము. దీనిని వరుసగా జ్ఞాపకముంచుకోండి.

ముందు గదిని చూసుకోండి. ఇలాంటి పరికరాలను 16 నుండి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య, గాలిలో తేమ 85 శాతము లోపు ఉన్నచోట వాడాలని అమెరికా ఆహార, ఔషధ సంస్థ సూచించింది. మీ గన్ను హద్దులు దాని పుస్తకములో ఉంటాయి. మన ప్రాంతములో ఈ మాట చాలా ముఖ్యము. మే నెలలో రెంటచింతలలో, రామగుండములో, కొత్తగూడెములో మధ్యాహ్నపు వేడి 40 దాటడము మనకు కొత్త కాదు. అటువంటి ఎండలో వరండాలో నిలబడి గన్ను పడితే వచ్చే అంకెకు విలువ లేదు. లోపలికి రండి. కిటికీ ఎండ, పొయ్యి సెగ, కూలరు గాలి, ఫ్యాను గాలి నేరుగా తగలని చోట చూడండి.

తరువాత మనిషిని చూసుకోండి. ఎండలో నుండి, ఆటలో నుండి వచ్చినవారిని, స్నానము చేసినవారిని 15 నుండి 20 నిమిషాలు కూర్చోనివ్వండి. తడిగుడ్డ వేసి ఉంటే తీసి, నుదురు ఆరనిచ్చి, అంతే సేపు ఆగండి. ఆగే తీరిక లేకపోతే నుదురు మాని, చంకలో డిజిటల్ థర్మామీటరు పెట్టండి. జుట్టు పక్కకు తీయండి. టోపీ, తలగుడ్డ, ముసుగు కప్పిన నుదురు వేడెక్కి ఉంటుంది. తీసి కొంతసేపు ఆగాలి. నూనె, పౌడరు, అమృతాంజనము వంటివి రాసిన నుదుటి మీద అంకె నమ్మదగినది కాదు. చెమటను పొడి గుడ్డతో మెల్లగా అద్దండి, గట్టిగా రుద్దకండి.

తరువాత గన్నును చూసుకోండి. వేరే గదిలో నుండి తెచ్చినట్లయితే, రోగి ఉన్న గదిలో 10 నుండి 30 నిమిషాలు ఉంచి వాడాలి. తెర మీద ఏ గుర్తు ఉందో చూడండి. చాలా గన్నులకు రెండు పద్ధతులు ఉంటాయి. ఒకటి ఒంటి వేడికి, దానిని 'బాడీ' అంటారు. రెండవది పాలసీసా, స్నానపు నీళ్లు మొదలైన వస్తువులకు, దానిని 'సర్ఫేస్' లేక 'ఆబ్జెక్ట్' అంటారు. రెండవ పద్ధతిలో నుదురు చూస్తే 93, 94 వస్తుంది. "అయ్యో, ఒళ్లు చల్లబడిపోతోంది" అని కంగారు పడతారు. పిల్లలు ఆడుకుంటూ మీట నొక్కి పద్ధతి మార్చేస్తారు. కనుక ప్రతిసారీ ఆ గుర్తు చూడండి.

ఇప్పుడు నుదుటి మధ్యకు, కనుబొమల పైన, గన్నును నేరుగా పట్టండి. పైనుండి గానీ పక్కనుండి గానీ ఏటవాలుగా పట్టకూడదు. దూరము మీ గన్ను పుస్తకములో రాసి ఉంటుంది. ఎక్కువ రకాలకు 1 నుండి 5 సెంటీమీటర్లు, అంటే సుమారు ఒకటి నుండి మూడు వేళ్ల మందము. కొన్నిటికి ఇంకొంచెము ఎక్కువ. దూరము ఎందుకు అంత ముఖ్యము? టార్చిలైటును గోడకు దగ్గరగా పడితే వెలుగు చిన్న వలయముగా పడుతుంది. వెనక్కి జరిగితే వలయము పెద్దదవుతుంది. గన్ను చూసే చోటు కూడా అలాగే. దూరము పెరిగితే అది నుదురుతో పాటు జుట్టును, వెనుక గోడను కూడా కలిపి లెక్క కడుతుంది. ఒక్క చెయ్యి దూరము నుండి గేటు దగ్గర చూసిన అంకెలు ఎందుకు అంత తక్కువగా వచ్చేవో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

మీట నొక్కి, శబ్దము వచ్చే వరకు కదలకండి. పుస్తకములో చెప్పినంత సేపు ఆగి మరల చూడండి. మూడుసార్లు చూడటము మంచి అలవాటు. మూడూ దగ్గర దగ్గరగా ఉంటే సరే. ఒకటి 98, ఒకటి 101 వచ్చిందంటే చూసే విధానములో ఎక్కడో పొరపాటు ఉంది. మొదటి నుండి మరల చూడండి.

కళ్లద్దాల గుండా, కారు అద్దము గుండా చూడవద్దు. గాజు మన కంటికి కనబడే వెలుగును పోనిస్తుంది గాని, ఒంటి సెగను పోనివ్వదు. గన్ను ఆ అద్దము వేడినే చెబుతుంది.

మీకు మీరే ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చును. మెరిసే స్టీలు గిన్నెలో వేడినీళ్లు పోయండి. సర్ఫేస్ పద్ధతిలో గిన్నె బయటి గోడకు గన్ను పట్టండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా, గన్ను చాలా తక్కువ చూపుతుంది. ఆ గోడ మీద ఒక కాగితపు టేపు ముక్క అంటించి, అది వేడెక్కిన తరువాత దానికి గురిపెట్టండి. అంకె పైకి లేస్తుంది. మెరిసే స్టీలు తన సెగను బాగా వెదజల్లదు, చుట్టూ ఉన్నవాటి సెగను అద్దములా తిప్పి కొడుతుంది. కాగితము అలా చేయదు. మన చర్మము కాగితము వంటిదే. తన సెగను దాదాపు పూర్తిగా బయటికి ఇస్తుంది. అందుకే ఈ పరికరము మనుషులకు పనికి వస్తున్నది. అయితే గన్నుకు కనిపించేది పైపొర మాత్రమేనని ఆ గిన్నె మీకు కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది.

మూడవదిగా, అంకెను అర్థము చేసుకుందాము.

37 సెల్సియస్ అంటే 98.6 ఫారెన్‌హీట్. 38 అంటే 100.4. 39 అంటే 102.2. 40 అంటే 104. సాధారణముగా 38, అనగా 100.4, ఆపైన ఉంటే వైద్యులు జ్వరము అంటారు. 98.6 అనే అంకెను మనకు ఇచ్చినది 1868లో ఉండర్లిష్ అనే జర్మను వైద్యుడు రాసిన గ్రంథము. ఆయన రోగుల చంకలలో థర్మామీటరు పెట్టి ఎన్నో వేల మందిని పరిశీలించాడు. 1992లో అమెరికాలో ఆరోగ్యవంతులను నోటి ద్వారా పరీక్షిస్తే సగటు 98.2 వచ్చింది. కనుక 98.6 అందరికీ గీసిన గీత కాదు. ఉదయము తక్కువగా, సాయంకాలము ఎక్కువగా ఉండటము సహజము. చంకలో చూసినది నోటిలో చూసిన దానికంటె అర నుండి ఒక డిగ్రీ ఫారెన్‌హీటు తక్కువ ఉండవచ్చును.

అందుచేత ఒక పని చేయండి. ఇంట్లో అందరూ ఆరోగ్యముగా ఉన్న రోజున ఒక్కొక్కరి నుదురు ఈ గన్నుతో చూసి, చంకలో డిజిటల్ థర్మామీటరుతోనూ చూసి, రెండు అంకెలనూ ఒక కాగితము మీద రాసి పెట్టెలో ఉంచండి. జ్వరము వచ్చిన రాత్రి ఆ కాగితము మీకు ఎంతో మేలు చేస్తుంది. జ్వరము ఉన్న రోజులలో అంకెతో పాటు సమయము, మందు వేసిన గంట కూడా రాయండి. పారాసిటమాల్ వేసిన గంటకు తగ్గిన అంకె, మందు పని చేసిందని చెబుతుంది గాని రోగము పోయిందని చెప్పదు. డాక్టరుగారికి మీ మాట కంటె ఆ కాగితము ఎక్కువ చెబుతుంది.

నాల్గవదిగా, ఇది అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. దయచేసి నిదానముగా చదవండి. అంకె మామూలుగా ఉన్నా ప్రమాదము ఉండే సమయాలు ఉన్నాయి.

జ్వరము ఎక్కే సమయములో చలి, వణుకు వస్తాయి. అప్పుడు ఒళ్లు వేడిని లోపలే దాచుకోవడానికి చర్మములోని రక్తనాళాలను బిగిస్తుంది. చేతులు, కాళ్లు చల్లబడతాయి, నుదురు కూడా చల్లబడవచ్చును. లోపల వేడి పెరుగుతున్నా గన్ను తక్కువ చూపవచ్చును. దుప్పటి కప్పుకుని వణుకుతున్న వ్యక్తికి "జ్వరము లేదు" అని చెప్పకండి. అరగంట ఆగి, చంకలో చూడండి.

పుట్టి మూడు నెలలు నిండని బిడ్డకు 100.4 గానీ అంతకంటె ఎక్కువ గానీ ఉంటే ఇంట్లో మందు వేసి చూద్దామని ఆగకూడదు. రాత్రి అయినా సరే డాక్టరు దగ్గరకు తీసుకుని వెళ్లాలి. అంత చిన్న బిడ్డల విషయములో ఈ గన్ను ఒక్కదాని మీదే ఆధారపడకండి. అలాగే నవజాత శిశువుకు 36.5 సెల్సియస్, అనగా 97.7 కంటె తక్కువ ఉండటము కూడా హెచ్చరికే. తల్లి రొమ్ముకు హత్తుకుని వెచ్చగా కప్పి, ఆశా కార్యకర్తకో ఏ.ఎన్.ఎం.కో వెంటనే తెలపండి. బిడ్డ పాలు తాగకపోతే, మగతగా ఉంటే అంకె ఎంత అని అడగనే వద్దు, బయలుదేరండి.

ఇక డెంగీ. వర్షాలు మొదలైతే మన రెండు రాష్ట్రాలలోనూ ఈ జ్వరము ఇంటింటికీ తెలిసినదే. దీని స్వభావము విచిత్రమైనది. జ్వరము మొదలైన మూడవ రోజుకూ ఏడవ రోజుకూ మధ్య వేడి తగ్గుతుంది. గన్ను 98 చూపిస్తుంది. ఇంటివారు ఊపిరి పీల్చుకుంటారు. డెంగీలో ప్రమాదము తరచుగా మొదలయ్యేది సరిగ్గా ఆ సమయములోనే! తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుండి గానీ ముక్కు నుండి గానీ రక్తము, నీరసము, చిరాకు, చేతులు చల్లబడటము కనిపిస్తే గన్ను మాట వినకండి. 108కి ఫోను చేయండి. డెంగీ అనుమానము ఉన్నప్పుడు ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ వంటి మాత్రలు వేయకూడదు. రక్తస్రావము పెరిగే ప్రమాదము ఉంది.

వేసవిలో వడదెబ్బ కూడా అటువంటిదే. ఒంటి లోపలి వేడి 40 సెల్సియస్ దాటి, మనిషి తడబడుతూ మాట్లాడుతున్నా, స్పృహ తప్పుతున్నా అది ప్రాణాపాయము. ఎండలో నుదుటి అంకె కోసము సమయము వృథా చేయక, నీడకు చేర్చి, ఒంటిని నీళ్లతో తడిపి, గాలి తగలనిచ్చి, సహాయము పిలవండి.

ఐదవదిగా, దీనిని కాపాడుకునే విధము. ఇది చాలా సులభము.

ముందున్న ఆ చిన్న కిటికీయే దీని కన్ను. దాని మీద వేలిముద్ర పడినా, దుమ్ము పడినా సెగ సరిగా లోపలికి పోదు. దుమ్ము పోవాలని నోటితో ఊదకండి, ఆవిరి, ఉమ్మి తుంపరలు పడతాయి. దూదిపుల్లను 70 శాతము ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొంచెము తడిపి మెల్లగా తుడవండి. పూర్తిగా ఆరిన తరువాతనే వాడండి. పైభాగాన్ని కొంచెము తడిపిన మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. నీళ్లలో ముంచకూడదు. శానిటైజరును నేరుగా దాని మీద చల్లకూడదు.

బ్యాటరీ గుర్తు మినుకుమంటే వెంటనే కొత్తవి వేయండి. పాతది ఒకటి, కొత్తది ఒకటి కలపకండి. నెల రోజులు వాడని పక్షమున బ్యాటరీలు తీసి ఉంచండి. లేకపోతే అవి కారిపోయి లోపలి తీగలు పాడవుతాయి. కారు డాష్‌బోర్డు మీద, స్కూటరు డిక్కీలో, పొయ్యి పక్కన, ఎండ పడే కిటికీలో పెట్టకండి. దాని పెట్టెలో, పిల్లలకు అందని చోట, సూచనల పుస్తకముతో సహా ఉంచండి. కింద పడినట్లయితే, ఆరోగ్యముగా ఉన్నవారి మీద చూసి, మీరు రాసుకున్న కాగితముతో పోల్చండి. తేడా వస్తే దానిని జ్వరానికి వాడటము ఆపండి.

కొనేటప్పుడు జ్వరము చూడటానికే చేసినదో కాదో అడగండి. పెట్టె మీద తయారీదారు పేరు, గ్యారంటీ, లోపల సూచనల పుస్తకము ఉన్నాయో లేదో చూడండి. 0.2 లేక 0.3 డిగ్రీల సెల్సియస్ తేడా లోపే చూపుతుందని రాసి ఉంటే, అది పరీక్షశాలలో మాట అని జ్ఞాపకముంచుకోండి. పక్కనే తక్కువ వెలలో దొరికే డిజిటల్ థర్మామీటరు కూడా ఒకటి కొని ఉంచండి. పాత పాదరసపు థర్మామీటరు ఇంకా ఉంటే జాగ్రత్త. అది పగిలితే పాదరసపు ఆవిరి విషము. పాదరసపు వాడకము తగ్గించాలని 2013లో జపానులో అనేక దేశాలు మినమాటా ఒప్పందము చేసుకున్నది ఇందుకే.

ప్రియ పాఠకులారా, ఇంతకూ ఈ గన్నును పారవేయమని నేను చెప్పడము లేదు. నిద్రపోతున్న బిడ్డను లేపకుండా చూడవచ్చును. ఒకరి రోగము మరొకరికి అంటకుండా చూడవచ్చును. ఏడ్చే పిల్లవాని చంకలో నిమిషము సేపు పుల్ల పట్టుకుని పెనుగులాడే పని తప్పుతుంది. ఇవి చిన్న మేలులు కావు. దానిని సాక్షిగా పిలవండి, తీర్పు మాత్రము దాని చేతికి ఇవ్వకండి. సాక్షి తాను చూసినంతే చెబుతాడు. బిడ్డ కళ్లలో కళ ఉన్నదా, నీళ్లు తాగుతున్నదా, మూత్రము పోస్తున్నదా, పిలిస్తే పలుకుతున్నదా, ఇవి కూడా సాక్ష్యాలే. వాటిని చూడవలసినది మీరే.

ఆ వానాకాలపు రాత్రి పెద్దావిడ చెయ్యి పాప పొట్ట మీదికి వెళ్లింది గదా. ఆ చేతికి డిగ్రీలు తెలియవు. అయినా ఏదో బాగాలేదని అది ముందు కనిపెట్టింది. తరువాత చంకలోని థర్మామీటరు ఎంత అన్నది చెప్పింది. ఇద్దరూ కలిసి ఆ తెల్లవారుజామునే పాపను ఆసుపత్రికి తీసుకుని వెళ్లారు. అనుమానము వచ్చినప్పుడు మీరూ అలాగే చేయండి. ఈ రాత్రే ఒకసారి మీ గన్నును పెట్టెలో నుండి తీసి, దాని కన్ను తుడిచి, బ్యాటరీలు చూసి, ఇంటిల్లిపాది అంకెలు రాసి పెట్టుకోండి.

మరల వచ్చే నెల ఇదే పుటలో కలుసుకుందాము. అంతవరకు మీరూ, మీ ఇంటివారూ క్షేమముగా ఉందురు గాక.